కరెంటు పోయే వేళకు సరిపడా: తిరుపతిలో మా ఇంటి సోలార్, బ్యాటరీ డైరీ

2025 మే, రెండో వారం

కరెంటు బిల్లు తగ్గించుకోవడం ఈ ప్రాజెక్టులో రెండో పని. మొదటి పని, రాత్రి వేళ సరఫరా ఆగిపోయినప్పుడు మా నాన్నగారి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి అందించే యంత్రం) ఆగకుండా చూడడం. ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఆయన పడుకున్నంతసేపూ ఆ యంత్రం నడుస్తూ ఉండాలని డాక్టరు చెప్పారు. ఇంట్లో ఇప్పటిదాకా ఉన్నది ఒకే బ్యాటరీతో నడిచే పాత ఇన్వర్టరు. ఫ్యాన్లకూ లైట్లకూ అది సరిపోయేది గానీ, కంప్రెసరు ఉన్న యంత్రాన్ని గంటల తరబడి నడిపే శక్తి దానికి లేదు. పైగా దాని నుంచి వచ్చేది స్క్వేర్‌వేవ్ కరెంటు, అంటే నునుపైన అలలా కాక మెట్లుమెట్లుగా మారే కరెంటు; దాని మీద మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది. అత్యవసరానికి ఒక చిన్న ఆక్సిజన్ సిలిండరు ఇంట్లో ఉంచుకున్నాము. ఈ ప్రాజెక్టు పూర్తయినా దాన్ని తీసేసే ఆలోచన లేదు, ఎందుకంటే ఎంత ఖరీదైన ఇన్వర్టరైనా ఏదో ఒక రోజు మొరాయించే యంత్రమే.

కరెంటు కోత అనగానే మా ఊళ్లో అందరూ 2022 ఏప్రిల్ మాట ఎత్తుతారు. ఆ నెలలో రాష్ట్రంలో విద్యుత్తు కొరత వచ్చి పరిశ్రమలకు పవర్ హాలిడే కూడా ప్రకటించారు. మా వీధిలో ఇప్పుడు జరుగుతున్నవి ఆ తరహా కోతలు కావు. వేసవి సాయంత్రాల్లో ఈదురుగాలికి కొమ్మలు విరిగి తీగల మీద పడినప్పుడు పోతుంది. లైన్‌మెన్ మరమ్మతు కోసం ఎల్.సి. (లైన్ క్లియర్, అంటే తీగలో సరఫరా ఆపించే అనుమతి) తీసుకున్నప్పుడు పోతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడల్లా పోతుంది. వీటిలో ఎల్.సి. ఒక్కటే పగటిపూట, ఎండ ఉన్నప్పుడు, ముందుగా చెప్పి జరిగేది. మిగిలిన రెండూ సూర్యుడు లేని వేళల్లో వచ్చేవే. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు పట్టిన ముసురును తలచుకుంటే, పైకప్పు మీద ఎన్ని ప్యానెళ్లు ఉన్నా ఆ రోజుల్లో వాటి నుంచి వచ్చేది నామమాత్రమేనని అర్థమవుతుంది. కాబట్టి ఈ డైరీలో తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఆధారం ఒక్కటే: కరెంటు పోయే వేళ, ఎండ కాసే వేళ వేర్వేరు. బ్యాటరీని ఒక లెక్క ప్రకారం, ప్యానెళ్లను మరొక లెక్క ప్రకారం ఎంచుకోవాలి. ఈ రెంటినీ కలిపి "మూడు కిలోవాట్ల ప్యాకేజీ" అని అమ్మేవారితో మాట్లాడేటప్పుడు మొదట ఈ ముడి విప్పుకోవాలి.

జూన్

కొలత ముందు, కొనుగోలు తరువాత అనుకొని, ప్లగ్‌లో పెట్టి చూసే చిన్న ఎనర్జీ మీటరు ఒకటి తెప్పించాను. కాన్సంట్రేటర్ వెనక అతికించిన చీటీ మీద 350 వాట్లని ఉంది. మీటరులో నిలకడగా 320 దగ్గర కనిపించింది. ఫ్రిజ్ రోజు మొత్తానికి యూనిట్ కంటే కొంచెం ఎక్కువ వాడుతోంది, అంటే సగటున 45 వాట్లు. అయితే దాని కంప్రెసరు మొదలయ్యే క్షణంలో లాగేది ఈ సగటుకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ సంగతి బ్యాటరీ సైజుకు సంబంధించినది కాదు, ఇన్వర్టరు సైజుకు సంబంధించినది. లైట్లు, వైఫై రౌటరు, గేటు దగ్గరి కెమెరా కలిపి 35 వాట్లు.

ఫ్యాన్ల దగ్గర లెక్క ఆసక్తికరంగా తేలింది. మూడు పడకగదుల్లోనూ పాత ఫ్యాన్లు ఒక్కొక్కటి 75 వాట్లు తీసుకుంటున్నాయి. బీఎల్‌డీసీ ఫ్యాన్ (బ్రష్‌లెస్ డీసీ మోటారుతో తిరిగేది) అదే వేగానికి 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. మూడు ఫ్యాన్లు మారిస్తే ఎనిమిది గంటల రాత్రికి ఒక యూనిట్‌కు పైగా మిగులుతుంది. ఆ ఒక యూనిట్‌ను బ్యాటరీలో దాచుకోవాలంటే ఇప్పటి ధరల్లో ఇరవై వేల రూపాయలకు పైనే అవుతుంది. మూడు ఫ్యాన్లు దానిలో సగం కంటే తక్కువకే వచ్చాయి. బ్యాకప్ గురించి ఆలోచించే ఎవరైనా బ్యాటరీ దుకాణానికి వెళ్లే ముందు ఫ్యాన్ల దుకాణానికి వెళ్లడం మేలని నా అభిప్రాయం.

ఫ్యాన్లు మార్చాక రాత్రి లోడు ఇలా నిలిచింది: యంత్రానికి 320, ఫ్రిజ్‌కు 45, ఫ్యాన్లకు 90, మిగతా వాటికి 35, మొత్తం 490 వాట్లు. ఎనిమిది గంటలకు 3.9 యూనిట్లు. బ్యాకప్‌లో చేర్చకూడనివి కూడా అప్పుడే తేల్చుకున్నాము. బోరు మోటారు, ఏసీ, గీజరు, మిక్సీ, ఇస్త్రీపెట్టె బయటే ఉంటాయి. ఒక హెచ్.పి. సబ్‌మెర్సిబుల్ మోటారు నడుస్తున్నప్పుడు తీసుకునేది కిలోవాట్‌కు కాస్త పైనే అయినా, మొదలయ్యేటప్పుడు దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. మిద్దె మీద ట్యాంకు నిండుగా ఉన్నంతవరకు కరెంటు లేని రాత్రి దాన్ని వేయవలసిన అవసరం రాదు. అమ్మ మాత్రం గ్రైండరు విషయంలో పట్టుపట్టింది. "సగం రుబ్బినాక కరెంటు పోతే ఆ పిండిని ఏం చేసుకునేది నాయనా?" అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. గ్రైండరు తీసుకునేది 150 వాట్లే కాబట్టి దాన్ని చేర్చాము.

జులై

మా ప్రాంతపు విద్యుత్తు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉన్నందువల్లనో ఏమో, సోలార్ బిగించే సంస్థలకు ఈ ఊళ్లో కొదవ లేదు. వచ్చిన ప్రతివారూ ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం గురించే మొదలుపెట్టారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఈ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు సబ్సిడీ ఉంటుంది. మూడు కిలోవాట్లకూ ఆపైన ఎంతకైనా గరిష్ఠం 78,000 రూపాయలే. ప్యానెళ్లలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవై ఉండాలి, నమోదైన వెండరు ద్వారానే బిగించుకోవాలి. పది కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన అనే అంచె లేకుండా ఆమోదం వస్తుంది. బ్యాటరీకి ఈ సబ్సిడీ వర్తించదు. ఈ చివరి మాటను కొందరు మనం అడిగేదాకా చెప్పరు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. సబ్సిడీ కింద సాధారణంగా బిగించే ఆన్‌గ్రిడ్ వ్యవస్థ (బ్యాటరీ లేకుండా వీధి సరఫరాతో, అంటే గ్రిడ్‌తో, కలిసి నడిచేది), వీధిలో కరెంటు పోయిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. ఎల్.సి. తీసుకొని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ఆ తీగలో కరెంటు లేదని నమ్మి చెయ్యి పెడతాడు. ఆ సమయంలో ఏదో ఒక ఇంటి పైకప్పు నుంచి విద్యుత్తు వెనక్కు పారితే అతని ప్రాణం పోతుంది. అందుకే గ్రిడ్ వోల్టేజి, ఫ్రీక్వెన్సీ కనిపించకపోతే ఇన్వర్టరు దానంతటదే విడిపోవాలన్న నిబంధన ఉంది. మా పక్కింటివారు నిరుడు ఆన్‌గ్రిడ్ పెట్టించుకున్నారు. బిల్లు బాగా తగ్గిందని సంతోషంగానే ఉన్నారు గానీ, కరెంటు పోయినప్పుడు "మీకేమండీ, సోలార్ ఉంది కదా" అని ఎవరైనా అంటే మాత్రం వారికి కోపం వస్తుంది.

కరెంటు లేనప్పుడు కూడా నడవాలంటే రెండు మార్గాలున్నాయి. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరును అలాగే ఉంచి, దాని పక్కన బ్యాటరీ ఇన్వర్టరును వేరుగా పెట్టడం మొదటిది. ఇప్పటికే సోలార్ ఉన్న ఇళ్లకు ఇది అనువైనదే, కానీ కరెంటు లేనప్పుడు బ్యాటరీ నిండిపోతే, ఫ్రీక్వెన్సీని పెంచి సోలార్ ఇన్వర్టరును వెనక్కు తగ్గించే తెలివి బ్యాటరీ ఇన్వర్టరుకు ఉండాలి. రెండు కంపెనీల యంత్రాలు ఆ భాషలో ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం అన్నిసార్లూ సాఫీగా జరగదు. రెండోది హైబ్రిడ్ ఇన్వర్టరు. ప్యానెళ్లు, బ్యాటరీ, గ్రిడ్, ఇంటి లోడు నాలుగూ ఒకే పెట్టెలో కలుస్తాయి. బ్యాకప్ కోసం దానికి విడిగా ఒక అవుట్‌పుట్ ఉంటుంది. కొత్తగా మొదలుపెడుతున్నాము కాబట్టి హైబ్రిడ్‌నే ఎంచుకున్నాము. లోడు 490 వాట్లే అయినా అయిదు కిలోవాట్ల సైజు తీసుకోవడానికి కారణం ఫ్రిజ్, గ్రైండరు, కాన్సంట్రేటర్ మూడూ ఒకే క్షణంలో మొదలయ్యే అవకాశం ఉండడమే. ప్రతి వెండరునూ రాతపూర్వకంగా అడిగినవి రెండే: కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీదికి మారడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ఏ లోడూ లేనప్పుడు ఇన్వర్టరు తనకోసం తాను ఎంత తింటుంది. మొదటిదానికి అందరూ 10 నుంచి 20 మిల్లీసెకన్లని చెప్పారు. రెండోదానికి వెంటనే సమాధానం చెప్పినవారు తక్కువ. మా ఎంపికలోకి వచ్చిన యంత్రం డేటాషీట్‌లో అది 50 వాట్లు.

ఆ 50 వాట్లే బ్యాటరీ లెక్కను తారుమారు చేశాయి.

ఆగస్టు

లిథియం బ్యాటరీల్లో ఇళ్లకు ఎక్కువగా వస్తున్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, అలాంటివి పదహారు వరుసగా కలిపితే 51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ సామర్థ్యంతో 5.12 యూనిట్లు. అందరూ "అయిదు యూనిట్ల బ్యాటరీ ఒకటి చాలు సార్" అన్నారు. నిజానికి 5.12లో 90 శాతం వాడుకుంటే 4.6; దాన్ని ఇన్వర్టరు ఇంటి కరెంటుగా మార్చేటప్పుడు పోయే ఏడు శాతం తీసేస్తే 4.28. మా రాత్రి అవసరం 3.92. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఇన్వర్టరు తనకోసం తినే 50 వాట్లు ఎనిమిది గంటలకు మరో 0.4 యూనిట్, మొత్తం 4.32. అంటే రాత్రి పదికి కరెంటు పోతే కొత్త బ్యాటరీ, నిండుగా ఛార్జి అయి ఉన్న రోజున కూడా, తెల్లవారుజామున ఆరుకు కొద్ది ముందే ఖాళీ అవుతుంది. కొన్నేళ్లు గడిచి సామర్థ్యం 80 శాతానికి పడిపోయినప్పుడు నాలుగున్నర లోపే ఆగిపోతుంది. రెండు బ్యాటరీలు పెడితే అదే 80 శాతం దశలో కూడా 6.8 యూనిట్లు చేతికి వస్తాయి. రాత్రి మొత్తం నడిచి, మరుసటి ఉదయం లైన్‌మన్ వచ్చేదాకా ఆగుతుంది. రెండు పెట్టాలనే నిర్ణయానికి ఇంతకంటే వేరే కారణం అవసరం లేకపోయింది.

లెడ్ యాసిడ్ సంగతి కూడా చూడకుండా వదిలేయలేదు. 1985లో మొదలైన అమరరాజా సంస్థకు కరకంబాడిలో బ్యాటరీ ఫ్యాక్టరీ ఉన్న ఊరు ఇది. బ్యాటరీ మీద సలహా ఇవ్వనివారు తిరుపతిలో కనిపించడం కష్టం. మా చిన్నాన్న ఏకంగా "ట్యూబులర్ పెట్టుకోరా, నీళ్లు పోస్తే పదేళ్లు పలుకుతుంది" అని తీర్పు చెప్పేశారు. లెడ్ యాసిడ్‌లో ఒక రకమైన ట్యూబులర్ బ్యాటరీ మంచిదే. 12 వోల్టులు, 200 ఆంపియర్ అవర్ బ్యాటరీలు నాలుగు కలిపితే కాగితం మీద 9.6 యూనిట్లు వస్తాయి. కానీ సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది కాబట్టి వాడుకోదగినది 4.8 మాత్రమే, ఇన్వర్టరు నష్టం తీసేస్తే అది కూడా అదే అంచు మీద నిలుస్తుంది. నాలుగింటి బరువు పావు టన్నుకు తగ్గదు, ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది గనుక గాలి ఆడే చోటే పెట్టాలి.

నన్ను వెనక్కు లాగినవి వేడి, ఛార్జింగ్ వేగం. ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు మించి ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఆ పరిశ్రమలో అందరూ అంగీకరించే సూత్రం. మే నెల తిరుపతిలో ఈ సూత్రానికి ఏమవుతుందో వివరించనక్కర్లేదు. ఇక ఛార్జింగ్: లెడ్ యాసిడ్ బ్యాటరీ చివరి ఇరవై శాతం నిండడానికి గంటల తరబడి తీసుకుంటుంది. వాయుగుండం రోజుల్లో కరెంటు రెండు గంటలు వచ్చి మళ్లీ పోవడం మామూలే. ఆ రెండు గంటల్లో లిథియం బ్యాటరీ దాదాపు నిండిపోతుంది, ట్యూబులర్ సగం కూడా నిండదు. ధరలో మాత్రం తేడా బాగా ఉంది: మాకు వచ్చిన కొటేషన్లలో నాలుగు ట్యూబులర్ బ్యాటరీలు ఎనభై వేల లోపు, రెండు లిథియం బ్యాటరీలు రెండు లక్షల ముప్పై వేలకు దగ్గరగా ఉన్నాయి. ఫ్యాన్లు, లైట్ల కోసమే అయితే చిన్నాన్న మాటే వినేవాణ్ని.

బ్యాటరీ కంపెనీని ఎంచుకునేటప్పుడు పేరు కంటే ముందు చూసింది, మా ఇన్వర్టరు తయారీదారు ప్రకటించిన అనుకూల బ్యాటరీల జాబితాలో అది ఉందా లేదా అన్నది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ వోల్టేజి, నిండుగా ఉన్నప్పుడూ సగం ఉన్నప్పుడూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కాబట్టి వోల్టేజి చూసి ఎంత మిగిలిందో అంచనా వేసే ఇన్వర్టరు చాలా సులభంగా మోసపోతుంది. బ్యాటరీలోని బీఎంఎస్‌కూ (సెల్స్‌ను కనిపెట్టి ఉండే నియంత్రణ సర్క్యూట్) ఇన్వర్టరుకూ మధ్య సమాచార తీగ ఉండి, ఇద్దరూ ఒకే ప్రోటోకాల్‌లో మాట్లాడుకున్నప్పుడే తెర మీద కనిపించే శాతాన్ని నమ్మగలము. నాన్నగారి యంత్రానికి ఇంకెన్ని గంటలు ఉందో తెలియడమే ఇక్కడ అసలు అవసరం.

సెప్టెంబరు

ప్యానెళ్ల నిర్ణయం దీనితో పోలిస్తే తేలిక. మా నెలసరి వాడకం 340 యూనిట్ల ప్రాంతంలో ఉంటుంది. 226 నుంచి 400 వరకు ఉన్న శ్లాబులో యూనిట్ 8 రూపాయల 75 పైసలు పడుతోంది. మన ప్రాంతంలో కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయని లెక్కవేస్తే, 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, అంటే 3.24 కిలోవాట్లు, నెలకు 390 యూనిట్ల వరకు ఇవ్వగలవు. వేసవిలో ఎండ ఎక్కువ కాబట్టి కరెంటు కూడా ఎక్కువ వస్తుందనుకోవడం పూర్తిగా నిజం కాదు. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మధ్యాహ్నం సెల్ ఉష్ణోగ్రత 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం అక్కడే ఆవిరైపోతుంది. అందుకే ప్యానెళ్ల కింద గాలి ఆడేలా ఎత్తుగా స్ట్రక్చర్ వేయించాము. అమ్మ వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకునే చోటు పోకూడదన్న షరతు కూడా దీనితోనే తీరింది.

నీడ విషయంలో తిరుపతికి ఒక సౌలభ్యం ఉంది. శేషాచలం కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి, ప్యానెళ్లు చూడవలసినది దక్షిణానికి. కొండ నీడతో పేచీ లేదు. ఇబ్బంది మా మిద్దె మీదున్న నీళ్ల ట్యాంకుతోనే వచ్చింది. ఈ ఊరు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల ఏప్రిల్ ఆఖరులోనూ ఆగస్టు మధ్యలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, మధ్యనున్న నెలల్లో ఉత్తరానికి జరుగుతాడు. అందువల్ల వెండరు వేసవిలో వచ్చి చూసినప్పుడు ట్యాంకు నీడ ప్యానెళ్లకు దూరంగా దక్షిణం వైపు పడింది. డిసెంబరులో మధ్యాహ్నానికి సూర్యుడి ఎత్తు 53 డిగ్రీలే. ప్యానెళ్ల అంచు కంటే రెండున్నర మీటర్లు ఎత్తున్న ట్యాంకు, ఉత్తరం వైపు దాదాపు రెండు మీటర్ల దాకా నీడ పరుస్తుంది. అన్ని ప్యానెళ్లూ ఒకే వరుస తీగలో ఉంటాయి కాబట్టి రెండింటి మీద పడిన నీడ మొత్తం వరుసను ఇబ్బంది పెడుతుంది. మిద్దె మీద సుద్దముక్కతో గీతలు గీసి, స్ట్రక్చర్‌ను మొదట అనుకున్న చోటు నుంచి తూర్పుకు జరిపించాము.

బ్యాటరీలు ఎక్కడ పెట్టాలన్నది 2021 నవంబరు వరదలే ముందుగా నిర్ణయించేశాయి. ఆ వరదల్లో మా కింది గదుల్లోకి మోకాటి లోతు నీళ్లు వచ్చాయి. కాబట్టి కింది అంతస్తులో మెట్ల కింద చోటు ఎంత అనువుగా ఉన్నా దానికి ఓటు లేదు. మిద్దె మీద మెట్ల గది వేడికి పనికిరాదు. చాలా లిథియం బ్యాటరీలు 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్‌ను తగ్గించేస్తాయి. మేలో నేను పెట్టిన థర్మామీటరు ఆ గదిలో 43 చూపించిన మధ్యాహ్నం, మొదటి అంతస్తులో ఉత్తరపు గోడకు ఆనుకొని ఉన్న యుటిలిటీలో 36 చూపించింది. అక్కడే గోడకు ఇన్వర్టరు, దాని పక్కన స్టాండు మీద బ్యాటరీలు, తలుపు పక్కన మంటలార్పే సిలిండరు. పడకగదులకు దూరం కాబట్టి ఇన్వర్టరు ఫ్యాన్ల రొద కూడా వినిపించదు.

ఆర్డరు ఈ నెల నాలుగో వారం దాకా ఆపాము. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పని మొత్తం విలువలో 70 శాతాన్ని సామగ్రిగా, 30 శాతాన్ని సేవగా లెక్కిస్తారు కాబట్టి ప్యానెళ్ల భాగానికి పన్ను 13.8 నుంచి 8.9 శాతానికి దిగింది. లిథియం బ్యాటరీల మీద 18 శాతం అలాగే ఉంది. ప్యానెళ్లు, స్ట్రక్చర్, ఇన్వర్టరు కలిపి రెండు లక్షల అరవై వేల చిల్లర. సబ్సిడీ దీనిలోంచి తరువాత వస్తుంది. ఈ భాగం కొన్నేళ్లలో బిల్లు రూపంలో తిరిగి వస్తుందని నమ్మకంగా చెప్పగలను. బ్యాటరీల ఖర్చు ఎన్నటికీ తిరిగి రాదు. రావాలని మేము ఆశించనూ లేదు. బ్యాటరీ కూడా లాభసాటి పెట్టుబడి అని లెక్కలు వేసి చూపించిన ఒక వెండరును ఆ కారణంతోనే పక్కన పెట్టాము.

అక్టోబరు

స్ట్రక్చర్, ప్యానెళ్ల పని త్వరగానే ముగిసింది. శ్లాబును డ్రిల్లు చేసిన చోట్ల కెమికల్ యాంకర్ వేసి, పైన సిమెంటు దిమ్మెలు కట్టి, వాటర్‌ప్రూఫింగ్ పూసిన తరువాతే ప్యానెళ్లు ఎక్కించారు. ఎర్తింగ్ గుంతలు మూడు: పిడుగు నిరోధకానికి ఒకటి, డీసీ వైపుకు ఒకటి, ఏసీ వైపుకు ఒకటి. మూడింటినీ ఎర్త్ మెగ్గరుతో (ఎర్తింగ్ నిరోధాన్ని కొలిచే పరికరం) కొలిపించి, విలువలు కాగితం మీద రాయించుకున్నాము.

ఎక్కువ సమయం తీసుకున్నది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, విడదీయడం. బ్యాకప్ అవుట్‌పుట్ నుంచి నడిచే సర్క్యూట్ల కోసం వేరే డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) పెట్టాము. అందులోకి వచ్చే ప్రతి ఫేజ్ తీగ వెంట దాని సొంత న్యూట్రల్ కూడా రావాలి. పాత ఇళ్లలో వైరింగు చేసినవారు ఒక న్యూట్రల్‌ను రెండు మూడు గదులకు పంచేసి ఉంటారు. మా ఇంట్లో ఫ్రిజ్ ఫేజ్ ఒక ఎంసీబీ (లోడు మించితే ఆపే స్విచ్చు) నుంచి వస్తోంది, న్యూట్రల్ మాత్రం హాలు సర్క్యూట్ నుంచి వస్తోంది. దాన్ని అలాగే వదిలేస్తే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) ఊరికే ట్రిప్ అవుతూ ఉంటుంది. అంతకంటే ప్రమాదం, మెయిన్ ఆపేసినా ఒక తీగలో కరెంటు మిగిలిపోయే అవకాశం ఉంటుంది. ఎలక్ట్రీషియన్ ప్రతి పాయింటునూ మల్టీమీటరుతో వెతికి, ఏ న్యూట్రల్ ఎవరిదో తేల్చి, రంగు టేపు చుట్టి, రెండు వేర్వేరు న్యూట్రల్ బార్లకు బిగించాడు. "అన్నా, ఈ పని కొటేషన్లో ఎవురూ రాయరు, కానీ దీన్ని ఇడిస్తే మిగతాదంతా దండగ" అన్నాడు. నిజమే. కొటేషన్ అడిగేటప్పుడే "బ్యాకప్ సర్క్యూట్లు విడదీయడం" అన్న వరుసను వేరుగా రాయించుకుంటే తరువాత బేరాలు ఉండవు.

బ్యాటరీలను కలిపేటప్పుడు కూడా దగ్గరుండి చూడవలసిన విషయం ఒకటి ఎదురైంది. 51.2 వోల్టుల దగ్గర అయిదు కిలోవాట్లంటే వంద ఆంపియర్లకు దగ్గర. రెండు బ్యాటరీలు పక్కపక్కన కలిపినప్పుడు ఆ భారాన్ని చెరిసగం పంచుకోవాలి. ఒకదాని కేబుల్ పొట్టిగా, రెండోదాని కేబుల్ పొడుగ్గా ఉంటే పొట్టి కేబుల్ బ్యాటరీ ఎప్పుడూ ఎక్కువ పని చేసి ముందు ముసలిదవుతుంది. అందుకని మధ్యలో కలిపే కేబుళ్లను సమానంగా కోయించి, ఇన్వర్టరుకు వెళ్లే పాజిటివ్ తీగను మొదటి బ్యాటరీ నుంచి, నెగటివ్ తీగను రెండో బ్యాటరీ నుంచి తీయించాము. క్లాంప్ మీటరు పెట్టి చూస్తే రెండింటిలోనూ ఇంచుమించు ఒకే అంకె కనిపించింది.

పరీక్ష రాత్రి భోజనాల తరువాత పెట్టుకున్నాము. ఆక్సిజన్ సిలిండరు మంచం పక్కన సిద్ధంగా ఉంచి, కాన్సంట్రేటర్, ఫ్రిజ్, ఫ్యాన్లు నడుస్తుండగా మెయిన్ దించాను. యుటిలిటీలో రిలే టక్కుమంది; బయటి గేటు లైటు ఆరిపోయింది; యంత్రం ఊపిరి లయ తప్పలేదు, అలారం మోగలేదు, రౌటరు కూడా మళ్లీ మొదలవలేదు. ఆ తరువాత గ్రైండరు వేశాము, ఫ్రిజ్ కంప్రెసరు కూడా అందుకుంది. తెర మీద లోడు ఒక్కసారి కిలోవాట్ దాటి, వెంటనే ఏడు వందల లోపుకు దిగింది. తెల్లవారుజామున ఆరింటిదాకా మెయిన్ వేయలేదు. బ్యాటరీలు నూరు నుంచి 52 శాతానికి దిగాయి, అంటే ఆగస్టులో కాగితం మీద వేసిన లెక్కకు చాలా దగ్గరగా.

సెట్టింగులు మాత్రం వెండరు పెట్టినవి ఉంచలేదు. ఈ యంత్రాలు మామూలుగా పగలు సోలార్‌తో బ్యాటరీ నింపి, సాయంత్రం నుంచి ఇంటి లోడుకు ఖాళీ చేసే పద్ధతిలో వస్తాయి. నెట్ మీటరు (గ్రిడ్ నుంచి వచ్చిన యూనిట్లనూ గ్రిడ్‌కు పంపిన యూనిట్లనూ లెక్కించేది) ఉన్న ఇంటికి దానివల్ల లాభం లేదు. పగలు మిగిలిన యూనిట్లను గ్రిడ్ దగ్గరే జమ చేసుకోవచ్చు, బ్యాటరీలోకి పంపి వెనక్కు తీస్తే పదో వంతుకు పైగా దారిలోనే పోతుంది. పైగా రాత్రి పదకొండుకు కరెంటు పోయినప్పుడు బ్యాటరీ అప్పటికే సగం ఖాళీగా ఉంటుంది. కాబట్టి గ్రిడ్ ఉన్నంతసేపూ బ్యాటరీని 90 శాతం దగ్గర నిలిపి, అవసరమైతే గ్రిడ్ నుంచి కూడా ఛార్జి అయ్యేలా పెట్టాము. నూరు శాతం దగ్గర నెలల తరబడి ఉంచడం, అదీ ఈ వేడిలో, లిథియం సెల్స్‌కు మంచిది కాదు. వాతావరణ శాఖ వాయుగుండం హెచ్చరిక ఇచ్చినప్పుడు నూరుకు పెంచుతాము. సెల్స్ సమానం కావడానికీ శాతం లెక్క సరిగ్గా ఉండడానికీ అప్పుడప్పుడు పూర్తిగా నింపడం ఎలాగూ అవసరమే.

నెట్ మీటరు ఇంకా రాలేదు. దరఖాస్తు ఆమోదమైంది, తనిఖీకి విద్యుత్తు సంస్థ ఏ.ఈ. (అసిస్టెంట్ ఇంజినీరు) కార్యాలయం నుంచి రావలసి ఉంది. అది అయ్యాకే సబ్సిడీ బ్యాంకు ఖాతాకు వస్తుంది. అప్పటిదాకా అనుమతి లేకుండా బయటికి యూనిట్లు పంపకూడదు కాబట్టి మీటరు దగ్గర తీగకు సీటీ (కరెంటు ఎంత పారుతోందో పసిగట్టే సెన్సరు) తగిలించి, ఇన్వర్టరును జీరో ఎక్స్‌పోర్ట్‌లో ఉంచాము. మధ్యాహ్నం ఉత్పత్తి సగానికి పైగా వృథా అవుతోంది. అమ్మకు ఆ సంగతి చెప్పినప్పటి నుంచి గ్రైండరు, వాషింగ్ మెషీను, బోరు మోటారు అన్నీ పన్నెండు నుంచి రెండు లోపలే నడుస్తున్నాయి. బోరు మోటారును కూడా బ్యాకప్ మీదికి తేవాలంటే మోటారును మెల్లగా మొదలుపెట్టే సాఫ్ట్ స్టార్టరు కావాలి. దాని కొటేషన్ వచ్చింది గానీ, నెట్ మీటరు బిగించి ఒక బిల్లు చూసిన తరువాతే ఆ పని ఎత్తుకుంటాము.